టేపు బిగువు

మొదటి షిఫ్టు సైరన్ కూసేసరికి ఆగయ్య టేపును సగం దాకా తుడిచాడు. క్వార్టర్ గడప మీద కూర్చుని, తోలు డబ్బాలోంచి గుడ్డ టేపును మూరెడు మూరెడుగా బయటికి లాగి, తడిబట్టతో బొగ్గుమసి తీసి, పొడిబట్టతో అద్ది, పక్కన పరిచిన గోనెసంచి మీద మెలిక పడకుండా పేరుస్తున్నాడు. అంకెలు చాలాచోట్ల వెలిసిపోయాయి. వెలిసిన చోటల్లా నల్లసిరాతో తానే దిద్దుకున్నాడు. పొట్టి మనిషి. పలచటి మీసం. ఎప్పుడూ ఎండకు చిట్లించి చూడడం వల్ల కళ్ల పక్కన ముడతలు పడి, నవ్వకపోయినా నవ్వుతున్నట్టే ఉంటాడు. కుడిచేతి చూపుడువేలి మొదట్లో టేపు ఒరుసుకుని ఒరుసుకుని కాయ కాసింది.

“ఇంకెంత తుడుస్తవ్? టేపుకేమన్న పెండ్లిచూపులున్నయా?” అంది భార్య కనకవ్వ పొయ్యి దగ్గర్నుంచి.

“మసి ఉంటే అంకె కనవడది.”

“అంకెలు కనవడ్తయి గని మనుషులు కనవడరు నీకు. మక్సూదన్న మంచాన వడి ఎన్నొద్దులాయె. రెండు క్వార్టర్ల అవతలనే ఇల్లు. ఒక్కపారి పోయి దగ్గెట్లున్నదని అడగకపోతివి.”

“ఇయ్యాల ఆయన బొగ్గు కుప్పనే కొలుస్తున్ననే. సంతకాలైనంక పోత.”

కనకవ్వ సర్వపిండి ముక్కలు రెండు సద్దిగిన్నెలో పెట్టి, పైన చింతతొక్కు వేసి, మూత గట్టిగా నొక్కి మొగుడి పక్కన పెట్టింది. పదిహేనేళ్ల కాపురంలో ఆమెకు ఈ మార్చి నెల సంగతి తెలుసు. ఈ నెలలో ఆగయ్య ఎవరింటికీ పోడు. ఎవరిచేతి నీళ్లూ తాగడు.

ఆగయ్య కంపెనీ ఆడిట్ సెక్షన్‌లో గుమాస్తా. గనుల బయట పోసిన బొగ్గు కుప్పలను ఏటా మార్చి ఆఖర్లో కొలిచి, ఉండాల్సినంత బొగ్గు ఉందో లేదో రాసి ఇవ్వడం అతని పని. కుప్ప నెత్తి మీద ఒకరు టేపు కొస పట్టుకుంటే, అడుగున ఆగయ్య రెండో కొస పట్టుకుని లాగుతాడు. నాలుగు పక్కల వాలు కొలిచి, చుట్టుకొలత కొలిచి లెక్క కడితే బొగ్గు ఎంతో తేలుతుంది. వినడానికి చిన్న పనే. కానీ అది గుడ్డ టేపు. వదులుగా పట్టుకుంటే పెళ్లల మీద ఎగుడుదిగుడుగా పడి ఎక్కువ చూపిస్తుంది. గట్టిగా లాగితే సాగి తక్కువ చూపిస్తుంది. ఎంత గట్టిగా లాగాలో ఏ కాగితంలోనూ రాసిలేదు. అది కొలిచేవాడి చేతిలో ఉంది.

తన చేతి మీద ఆగయ్యకు నమ్మకం తక్కువ. అందుకే అన్ని నియమాలు. కుప్పకు కాపలా ఉండే డిపో మున్షీ చాయ్ ఇస్తే తాగడు. బీడీ ఇస్తే తీసుకోడు. పుస్తకంలో ఎంత బొగ్గు రాసి ఉందో కొలవకముందు వినడు. చెవిలో ఒక అంకె పడితే కన్ను తెలియకుండానే దాని దగ్గరికి పోతుందని అతని భయం. మున్షీలు ఊరుకోరు గదా, మాటల్లో ఎక్కడో ఒకచోట అంకె జారవిడుస్తారు. అందుకని కుప్ప దగ్గరికి రాగానే టవలు రెండు చెవుల మీదుగా బిగించి గడ్డం కింద ముడి వేసుకుంటాడు. రాళ్లు పగిలే ఎండలో చెవులు కట్టుకున్న మనిషిని చూసి కొత్త కూలీలు, పంటినొప్పి కాబోలనుకుంటారు.

ఈ పద్ధతి వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చింది. నాయన ఊళ్లో నీరటి. తూము తెరిచి ఎవరి మడికి ఎంత నీరు పోవాలో పంచేవాడు. నీళ్ల రోజుల్లో ఏ రైతు గట్టు మీదా కూర్చునేవాడు కాదు. సొంత తమ్ముడి మడికి అందరికంటే ఆఖర్న నీళ్లు ఇచ్చేవాడు. ఒక ఏడు తమ్ముడి వరి ఎర్రబడి సగం పోయింది కూడా. “మనోని మడి ఎండినా సరే, మాట రావద్దు” అని నాయన మీసం దువ్వుకున్నాడు. చిన్నాయన మాత్రం చాలా కాలం అన్న గడప తొక్కలేదు. ఆ కథలో నాయన మీసమే ఆగయ్యకు గుర్తుండిపోయింది. చిన్నాయన మొహం గుర్తులేదు.

టేపు చుట్టి, టవలు భుజాన వేసుకుని, సద్దిగిన్నె సైకిల్‌కు తగిలించి బయల్దేరాడు. మక్సూద్ ఇంటి ముందు నుంచి పోవాలి. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి దగ్గు వినిపించింది. ఆగయ్య తల తిప్పకుండా సైకిల్ తొక్కాడు.

మక్సూద్‌కు, అతనికి పరిచయం ఈ కాలనీ పుట్టకముందుది. గనులు కొత్తగా తవ్వుతున్నప్పుడు, ఇంకా క్వార్టర్లు లేనప్పుడు, ఇద్దరూ ఒకే రేకుల షెడ్డులో ఒకే తడక పక్కన పడుకున్నారు. పెద్దపల్లిలో ఎడ్లబండి తోలుకుని బతికిన మక్సూద్ అప్పటికే నడివయసు మనిషి. ఆగయ్యకు చలిజ్వరం వచ్చి మూడు రోజులు స్పృహ లేకపోతే, అతన్ని బండిలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయింది మక్సూదే. ఆ తర్వాత ఒకాయన డిపో మున్షీ అయ్యాడు, ఒకాయన ఆడిట్ గుమాస్తా అయ్యాడు. మిగతా పదకొండు నెలలూ ఒకే కంచంలో తిన్నంత దగ్గర. మార్చిలో మాత్రం ఎదురుపడితే సలాము కూడా మెల్లగా చేసుకునేవాళ్లు.

ఈ వేసంగి దాటితే మక్సూద్ నౌకరి నుంచి దిగిపోతాడు. కానీ ఈ ఏడు ఆఫీసులో కొత్త హుకుం వచ్చింది. ఎండకు, వానకు, దుమ్ముకు పోయే తరుగు కింద కంపెనీ కొంత ఒప్పుకుంటుంది. అది దాటి బొగ్గు తక్కువ పడితే ఆ మున్షీకి అదే రోజు చార్జిషీటు. అంటే మక్సూద్ దండతో కాదు, దొంగ అన్న పేరుతో దిగుతాడు.

ఆ సంగతి తలపుకు రాగానే ఆగయ్య పెడల్ మీద కాలు బిగించాడు. రావద్దు. కొలిచేదాకా ఏ తలపూ రావద్దు.

*

డిపో దగ్గర ఐలవ్వ అప్పటికే వచ్చి ఉంది. బొగ్గులోంచి రాళ్లు ఏరే పనిలో ఉండే ఆమెను కొలతల రోజుల్లో టేపు పట్టడానికి పంపిస్తారు. ఆగయ్య కంటే వయసులో పెద్ద. పక్క ఊరిది. సాబుల ముందు ‘సారు’ అంటుంది, వాళ్లు లేకపోతే ‘తమ్మి’ అంటుంది. మోకాళ్ల దాకా చీర దోపుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, కుప్ప మీద మేకలా ఎక్కుతుంది.

పక్క కుప్ప మున్షీ గట్టయ్య కూడా అక్కడే ఉన్నాడు. మక్సూద్ రాలేడు కాబట్టి ఆయన బదులు సాక్షి సంతకం గట్టయ్యది. అతని కుప్ప నిన్ననే కొలిచారు, సరిపోయింది. అందుకే ఇవాళ హుషారుగా ఉన్నాడు.

“ఆగన్నా, మక్సూద్ భాయ్ పుస్తకంల ఎంతున్నదంటే...”

ఆగయ్య గబగబా టవలు చెవులకు కట్టేసుకున్నాడు.

“అగో, కట్టుకునె!” గట్టయ్య పగలబడి నవ్వాడు. “నేను చెప్తలేనన్నా. చాయ్ పెట్టియ్యాల్నా అని అడుగుదామనుకున్న.”

“అది గూడ వద్దు,” అన్నాడు ఆగయ్య, వినపడకపోయినా పెదాలు చూసి.

ఐలవ్వ కుప్ప నెత్తికి ఎక్కి టేపు కొసనున్న ఇత్తడి కడియాన్ని మేకుకు తగిలించి, పైన అరికాలు వేసి తొక్కింది. కింద ఆగయ్య ఎడమకాలు ముందుకు వేసి, కుడిచేత్తో టేపు పట్టి లాగాడు. టేపు కుప్ప మీంచి లేచి, గాలిలో వీణతీగలా ఒకసారి వణికి నిలిచింది. అంకె చూసుకుని జేబు పుస్తకంలో రాసుకున్నాడు. తూర్పు వాలు అయింది. అంకె కొంచెం తక్కువగానే అనిపించింది. అనిపించడం తన పని కాదనుకున్నాడు.

దక్షిణం వైపు తిరిగారు. మళ్లీ లాగాడు. పైన ఐలవ్వ కాలి కింద మేకు కదిలి, పెళ్లలు జరిగి, ఆమె పిరుదుల మీద కూలబడింది.

“నీ చేతులు పాడుగాను! మెల్లగ గుంజు తమ్మీ! గట్టయ్య కుప్ప కాడ నిన్న మంచిగనే గుంజితివి గదా. ఈడికొస్తెనే నీకు ఏం దయ్యం వడ్తది?”

ఆగయ్య టవలు ఒక చెవి మీంచి జరిపాడు. “ఏందీ?”

“ఏటా గిదే ఆట. మక్సూదన్న కుప్ప అంటే నా కాళ్లు పోతయ్. ఈ ఏడు మరీ కష్టమాయె ఆయనకు. పాపం, ఊడ్వలేదు గదా.”

“ఏం ఊడ్చుడు?”

ఐలవ్వ లేచి చీర దులుపుకుంటూ, వేళాకోళం ఆడుతున్నాడేమోనని కిందికి చూసింది. “నీకు తెల్వదా? నువ్వు కొలిచే ముందు నెలంత ఆయనకు అదే పనాయె. రైలు డబ్బాలు నింపినంక సైడింగు పట్టాల నడుమ బొగ్గు రాలుతది సూడు, తెల్లారకముందే పొరక వట్కొని పోయి, అదంత ఊడ్చి తట్టల కెత్తి ఈ కుప్ప మీద వోస్తుండె. ‘ఎందుకే అన్న, నీ కుప్ప మంచిగనే ఉన్నది గదా’ అంటే, ‘మా ఆగయ్య భాయ్ గుంజితే బొగ్గు గూడ భయపడి ముడుసుకుంటది, ముందే జర ఎక్కువ పెట్టాలె’ అని నవ్వుతుండె. ఈ ఏడు దగ్గుతోని లెవ్వలేదు.”

గట్టయ్య నేల చూపులు చూశాడు. అతనికీ తెలుసు. సైడింగు దగ్గర పనిచేసే అందరికీ తెలుసు. తెలియనిది ఆగయ్యకే.

టేపు అతని చేతిలోంచి జారి వాలు మీద పడింది.

దోస్తు కదా అని చెయ్యి ఎక్కడ వదులవుతుందోనని భయపడ్డాడు. ఆ భయమే ఇన్నేళ్లూ టేపును బిగించింది. వదులు కానివ్వలేదని గర్వపడ్డాడు. బిగువు కూడా తప్పేనని ఒక్కసారి తోచలేదు. ఉన్నట్టుండి చిన్నాయన మొహం గుర్తొచ్చింది. ఎర్రబడిన మడి గట్టు మీద, ఏమీ అనకుండా నిలబడ్డ మొహం.

“పట్టు తమ్మీ, ఎండెక్కుతున్నది,” అంది ఐలవ్వ.

ఆగయ్య టేపు అందుకున్నాడు. ఎంత లాగాలి? కొంచెం వదిలాడు. ఇది న్యాయమా, మక్సూద్ దగ్గు వినొచ్చిన చెవి చేయిస్తున్న పనా? మళ్లీ బిగించాడు. ఇది నిజమా, పాత భయమా? చెవులకు టవలు కట్టుకుంటే అంకె రాలేదు గాని, అంతకంటే పెద్ద మాట లోపలికి వచ్చి కూర్చుంది. ఇప్పుడు దాన్ని బయటికి తోలడానికి లేదు. తన చెయ్యి ఇక ఈ కుప్పకు పనికిరాదు.

టేపు కింద పెట్టి, కుప్ప నీడలో గొంతుక్కూర్చున్నాడు. సద్దిగిన్నె మూత తీసి సర్వపిండి నమలడం మొదలుపెట్టాడు.

“ఇగో, గిప్పుడే సద్దా?” అన్నాడు గట్టయ్య. “ఇంక మూడు పక్కలున్నయన్నా.”

ఆగయ్య ఒక ముక్క ఐలవ్వకు ఇచ్చాడు. నములుతూ గట్టయ్య వైపు చూశాడు. గట్టయ్య అంటే అతనికి ప్రేమ లేదు, కోపం లేదు. పెళ్లికి పిలిస్తే పోతాడు, పిలవకపోతే మరిచిపోతాడు. నిన్న అతని కుప్ప కొలుస్తున్నప్పుడు తన చెయ్యి ఏమీ ఆలోచించలేదు. బావిలోంచి నీళ్లు చేదినట్టు లాగింది.

ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, ఖాళీ గిన్నెను ఇసుకతో తోమి, లేచాడు.

“గట్టయ్యా, నీ కుప్ప కాడికి నడువు.”

గట్టయ్య మొహం మాడిపోయింది. “నా కుప్పనా? అది నిన్ననే అయిపాయె గదన్నా! నేనేం తప్పు చేసిన? చాయ్ మాట ఊకెనే అన్న!”

“నీకేం కాదు. కుప్ప అరువిస్తవా జర?”

సైడింగు పక్కన తుప్పుపట్టిన పట్టా బోల్టులు కుప్పగా పడి ఉంటాయి. ఆగయ్య వాటిని టవల్లో మూటగట్టుకుని వచ్చాడు. గట్టయ్య కుప్ప అడుగున రెండు దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి, టేపు వాటి మీదుగా వేసి, టేపు డబ్బాకు సద్దిగిన్నెను వేలాడదీశాడు.

“అన్నం తినే గిన్నెల బోల్టులా!” ఐలవ్వ పైనుంచి నోరు నొక్కుకుంది. “కనకవ్వ చూస్తే నిన్ను గూడ ఆడనే వేలాడదీస్తది.”

ఆగయ్య కుప్పకు వీపు పెట్టి నిలబడ్డాడు. నిన్నటి అంకె తనకు తెలుసు కాబట్టి తన కన్ను దాన్నే చదువుతుంది. అందుకని చదివే పని గట్టయ్యకు ఇచ్చాడు. గట్టయ్యకు నిన్నటి అంకెలు చెప్పలేదు. ఒక్కొక్క బోల్టే గిన్నెలో వేస్తుంటే టేపు కొంచెం కొంచెం బిగుస్తోంది. గట్టయ్య, పరీక్షలో కూర్చోబెట్టిన పిల్లాడిలా, చెమటలు కక్కుతూ అంకెలు చదువుతున్నాడు. ఒకచోట ఆగయ్య చెయ్యి ఆగింది. నిన్న జేబు పుస్తకంలో రాసుకున్న అంకె అదే. నిన్న తన చెయ్యి లాగినంత బరువు ఇప్పుడు గిన్నెలో ఉంది.

“ఇగ చాలు. ఇది నీ బిగువు.”

“నాదా?” గట్టయ్యకు అర్థం కాలేదు. గండం గడిచిందని మాత్రం తెలిసింది.

అదే గిన్నె, అవే బోల్టులు, అవే దుంగలు మక్సూద్ కుప్ప దగ్గరికి తెచ్చారు. తూర్పు వాలు మళ్లీ మొదటి నుంచి. పైన ఐలవ్వ, చదవడానికి గట్టయ్య. ఆగయ్య టేపును ముట్టుకోలేదు. దూరంగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, రాసుకున్నాడు. పొద్దున తన చేత్తో లాగినప్పుడు వచ్చినదానికి, ఇప్పటిదానికి బెత్తెడు తేడా ఉంది. ఆ బెత్తెడు చూసి అతనికి సిగ్గేసింది. ఏడాదికో బెత్తెడు. ఆ బెత్తెడు నింపడానికి ఒక ముసలాయన చీకట్లో పట్టాల మధ్య వంగి ఊడ్చాడు.

నాలుగు పక్కలా అయింది. చుట్టుకొలత అయింది. డిపో షెడ్డులో బల్ల మీద కూర్చుని ఆగయ్య లెక్క కట్టాడు. పుస్తకం తెరిచి చూశాడు. బొగ్గు తక్కువే ఉంది. కాని కంపెనీ ఒప్పుకునే తరుగు లోపలే ఉంది. పక్కకో బెత్తెడు తీసేసి, తన చేతి బిగువుతో కూడా ఒకసారి కట్టి చూశాడు. తరుగు గీత దాటింది.

కాగితం మీద, ఏ బరువు వేలాడదీసి కొలిచిందీ, ఎందుకు రెండుసార్లు కొలిచిందీ, దాచకుండా రాశాడు. గట్టయ్య సంతకం పెట్టాడు. ఆఫీసులో ఇస్తే పెద్ద సాబు చదివి, కళ్లజోడు పైకెత్తి, “ఈ గిన్నె సంగతేందయ్యా?” అన్నాడు.

“నా చేతి మీద నాకు నమ్మకం లేదు సార్. వచ్చే ఏడు సంది అందరికి అదే గిన్నె.”

సాబు నవ్వి ముద్ర వేశాడు.

*

పొద్దు వాలుతుండగా ఆగయ్య మక్సూద్ ఇంటి ముందు సైకిల్ ఆపాడు. మార్చి నెలలో ఆ ఇంట్లో అడుగు పెట్టడం ఇదే మొదలు. మక్సూద్ భార్య జన్నత్ బీ బయటికి వచ్చి, చూసి, ఆశ్చర్యం దాచుకోలేదు.

“అరె, భాయ్! ఇయ్యాల దారి తప్పినవా ఏంది?”

“సంతకాలైనయ్ భాభీ. చాయ్ పెట్టు.”

ఆమె లోపలికి పోయింది. కిరోసిన్ స్టవ్ పంపు కొట్టిన చప్పుడు వినిపించింది.

మక్సూద్ నులకమంచం మీద, గోడకు దిండు ఆనించి సగం కూర్చుని ఉన్నాడు. తెల్లగడ్డం పెరిగింది. పెద్ద ఎముకల మనిషి, ఇప్పుడు ఎముకలే మిగిలాయి. కళ్లు మాత్రం ఎప్పటివే.

“సరిపోయిందా?” అన్నాడు.

“సరిపోయింది.”

మక్సూద్ కళ్లు మూసుకుని తెరిచాడు. “ఎట్ల సరిపోయె? నేను ఈ ఏడు...” అని ఆగిపోయాడు.

“ఊడ్వలేదు. ఐలవ్వ చెప్పింది.”

“దాని నోట్ల బొగ్గు పెట్ట!” మక్సూద్ నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆగయ్య వీపు నిమిరాడు. గుడ్డ కింద వెన్నెముక గొలుసులా తగిలింది.

“నాకెందుకు చెప్పకపోతివి భాయ్? గిన్నేండ్ల సంది.”

“చెప్తే ఏం చేస్తుంటివి? వదులు పడ్తుంటివి. వదులు పట్టిన, దోస్తును చూసి వదులు పట్టిన అని తెల్లందాక నిద్రవోకపోతుంటివి. నీ సంగతి నాకు తెల్వదా?” మక్సూద్ ఊపిరి తీసుకున్నాడు. “నీకు చెప్పుడు కష్టం. ఊడ్చుడు అల్కగ.”

ఆగయ్య సద్దిగిన్నె సంగతి, బోల్టుల సంగతి, గట్టయ్య చెమటల సంగతి చెప్పాడు. మక్సూద్ చిన్నపిల్లాడిలా విన్నాడు. గట్టయ్య మొహం ఎట్లా మాడిందో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“అంటే నన్ను గట్టయ్య లెక్క కొలిచినవన్నట్టు.”

“అవు. పరాయోని లెక్క.”

“శాబాష్,” అన్నాడు మక్సూద్. దిండు మీద తల వెనక్కి వాల్చాడు. “ఇన్నేండ్లకు పరాయోన్ని చేసినవు. హాయిగున్నది యార్.”

జన్నత్ బీ చాయ్ తెచ్చింది. ఇలాచీ వేసింది. ఆగయ్య సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. కిటికీలోంచి వస్తున్న ఎండ మంచం కోడు దాకా వచ్చి ఎర్రగా నిలిచింది. రెండో షిఫ్టు వాళ్లకు సద్ది పట్టుకుపోతున్న ఆడవాళ్ల మాటలు వీధిలో వినిపించి పోయాయి. మక్సూద్ కళ్లు మూసుకున్నాడు. పెదవుల మీద గట్టయ్య చెమటల నవ్వు ఇంకా ఉంది. పడుకున్నాడు కాబోలని ఆగయ్య చప్పుడు చేయకుండా చాయ్ తాగాడు. వచ్చే ఏడు నుంచి మార్చిలో కూడా రావచ్చని అనుకున్నాడు. ఈ ఇంట్లో కాదు, దిగిపోయాక వీళ్లు పెద్దపల్లి పోతారు. అయితేనేం, బస్సు ఉంది.

జన్నత్ బీ ఖాళీ సాసరు తీసుకోవడానికి వంగి, మొగుడి చేతి కింద పడిన దుప్పటి సర్దబోయింది. సర్దుతూ ఆగింది. చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని అట్లాగే మంచం పట్టె మీద కూర్చుంది. మక్సూద్ ఛాతీ కదలడం లేదు. ఆమె ఆగయ్య వైపు చూసింది.

ఆగయ్య లేచి నిలబడ్డాడు. భుజం మీది టవలు తీసి, మడత విప్పి, మళ్లీ మడిచాడు. ఏం చేయాలో తోచక, ఇరుగుపొరుగును పిలవడానికి గడప దాకా నడిచాడు.

తలుపు వెనక, గోడ మూలకు ఒక ఈత పొరక నిలబెట్టి ఉంది. పట్టుకునే చోట నున్నగా మెరుస్తోంది. ఒకవైపే ఊడ్చి ఊడ్చి ఏటవాలుగా అరిగిపోయింది. పోయిన ఏటి బొగ్గు నుసి, దాని ఈనెల సందుల్లో ఇంకా నల్లగా ఉంది.